కెమెరాకు ఒక చిన్న బండి

సినిమా చిత్రీకరణ ఎప్పుడైనా చూసినవారికి ట్రాలీ తెలుసు. నేలమీద రెండు పట్టాలు పరచి, వాటిమీద చక్రాల బల్ల పెట్టి, బల్లమీద కెమెరామన్ కూర్చుంటే ఇద్దరు మనుషులు మెల్లగా నెడతారు. తెరమీద చూసేవారికి పట్టాలు కనబడవు, నెట్టేవారూ కనబడరు. తామే నడిచి దగ్గరకు వెళ్లినట్టు ఉంటుంది. 1914లో వచ్చిన 'కబీరియా' అనే ఇటలీ మూగచిత్రంలో జొవాన్ని పాస్ట్రోనె ఇటువంటి బండిని వాడిన తీరు చూసి చాలామంది నేర్చుకున్నారు. మన జిల్లా తాడిపత్రిలో 1912లో పుట్టిన కె.వి.రెడ్డిగారు 1951లో 'పాతాళభైరవి', 1957లో 'మాయాబజార్' తీసినప్పుడు రెంటికీ కెమెరా పట్టినవారు మార్కస్ బార్ట్లే. సంఘ పత్రికలో సినిమాల ప్రస్తావన ఎందుకని కొందరు పాఠకులు నొచ్చుకోవచ్చు. పనితనం గురించి చెప్పవలసి వచ్చినప్పుడు పనివాళ్ల పేర్లు చెప్పకుండా ఎలా?

ఆ ట్రాలీకి చిన్న రూపమే స్లైడర్. మీటరు పొడవున్న రెండు కడ్డీలు, వాటిమీద అరచేతంత పలక, పలకమీద కెమెరా లేక ఫోను. చేత్తో నెట్టవచ్చు గాని చెయ్యి వణుకుతుంది. మోటారుతో నడిపితే ఎంత మెల్లగా కావాలంటే అంత మెల్లగా, వణుకు లేకుండా కదులుతుంది. ఇటువంటిదాన్ని మా గుత్తి సంఘపు యౌవనస్థులు ఇంట్లోనే తయారు చేశారు. ఎలా చేశారో, దానితో ఏం తీశారో, ఎక్కడ తీయవద్దని మేము చెప్పామో రాస్తే ఇతర సంఘాల పిల్లలకు పనికివస్తుందని ఈ వ్యాసం.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మందిరాల తలుపులు మూసినప్పుడు ఆరాధనను ఫోనులో చూపించడం మావంటి చిన్న సంఘాలకు కూడా అలవాటయింది. తలుపులు తెరిచిన తరువాత కూడా ఆ అలవాటు పోలేదు, పోకూడదు కూడా. మా సంఘంలో బెంగళూరుకు ఎవరూ పోని ఇల్లు వెతికితే దొరకదు. భవనాల పనికి కొందరు, దుకాణాలకు కొందరు, చదువుకున్నవాళ్లు ఆఫీసులకు. ఆదివారం పూట ఒక చిన్న గదిలో నలుగురు కూర్చుని ఫోనులో సొంత ఊరి మందిరం చూస్తారు. అమ్మ ఏ బల్లమీద కూర్చుందో, నాన్న వచ్చాడో లేదో వెతుక్కుంటారు. అయితే ఫోను పట్టుకుని ఒక కుర్రవాడు మందిరమంతా నడుస్తూ తీస్తే చూసేవారికి తల తిరుగుతుంది. ఒకచోట నిలబెట్టి తీస్తే మేమూ ప్రసంగపీఠమూ తప్ప మరేమీ కనబడదు. గంటసేపు మా ముఖమే చూడడం ఎవరికైనా కష్టమే!

దుకాణంలో దొరికే స్లైడరు కొనాలని యౌవనస్థులు సంఘ కమిటీని అడిగారు. మందిరం పైకప్పు బాగుచేయవలసి ఉండగా దీనికి డబ్బు ఇవ్వలేమని పెద్దలు చెప్పారు. వాన పడని ఊళ్లో పైకప్పు కారడమేమిటని నవ్వకండి. మాకు పడే రెండు వానలూ లోపలే పడతాయి. పెద్దల మాట న్యాయమైనదే. పిల్లలు అలగకుండా, "అయితే మేమే చేసుకుంటాం అయ్యగారూ" అన్నారు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి పనిలేక ఇంట్లో ఉన్న ఒకడు, ఫోన్లు రిపేరు చేసే దుకాణంలో పనిచేసే ఒకడు, డిగ్రీ చదువుతూ కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం నేర్చిన ఒక చెల్లెలు. ఈ ముగ్గురూ కలిసి దాదాపు నాలుగు నెలలు పట్టారు. మొత్తం ఖర్చు ఐదు వేల లోపు అయింది.

ముందుగా మోటారు. మామూలు మోటారుకు కరెంటు ఇస్తే ఆపేదాకా గిరగిర తిరుగుతుంది. స్టెప్పర్ మోటారు అలా కాదు. గుత్తి కోట ఎక్కేవాడు ఒక్కొక్క మెట్టు ఎక్కినట్టు, ఒక్కొక్క అడుగు తిరిగి ఆగుతుంది. ఒక పూర్తి చుట్టుకు 200 అడుగులు. వీళ్లు వాడినది నెమా 17 అనే రకం. ముందుభాగం 42 మి.మీ. చదరం, గుప్పిట్లో పట్టేంత ఉంటుంది. దాని ఇరుసుకు 20 పళ్ల పుల్లీ. పుల్లీమీద రబ్బరు బెల్టు, బెల్టు పళ్ల మధ్య ఎడం 2 మి.మీ. అంటే మోటారు ఒక చుట్టు తిరిగితే కెమెరా 40 మి.మీ. కదులుతుంది. ఒక్కొక్క అడుగును డ్రైవర్ అనే చిన్న పలక మళ్లీ 16 భాగాలు చేస్తుంది గనుక చుట్టుకు 3200 చిన్న అడుగులు, మిల్లీమీటరుకు 80. ఈ లెక్క కాగితంమీద వేసుకున్నవాడికి మిగతా పని సగం అయినట్టే. ప్రోగ్రాము రాసిన చెల్లెలు ముందుగా చేసిన పని ఇదే.

ఈ అడుగులు ఎప్పుడు వేయాలో చెప్పేది మైక్రోకంట్రోలర్. ఒక చిన్న పలకమీద ఒక చిప్పు, అంతే. దానికి చెప్పిన ఒకే పనిని అలసట లేకుండా చేస్తూ ఉంటుంది. వీళ్లు వాడినది ఆర్డుయినో. 2005లో ఇటలీలోని ఇవ్రెయా పట్టణంలో ఇంజనీరింగు చదవని విద్యార్థులు కూడా యంత్రాలు చేసుకోగలగాలని కొందరు అధ్యాపకులు దీన్ని తయారు చేశారు. వాళ్లు కూర్చునే హోటలు పేరే దానికి పెట్టారు. ఆ హోటలుకేమో వెయ్యేళ్ల కిందటి ఆర్డుయిన్ అనే రాజు పేరు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆ పలక నమూనాను వాళ్లు దాచుకోలేదు. ఎవరైనా చూసి చేసుకోవచ్చన్నారు. అందుకే అది ఈనాడు కొన్ని వందల రూపాయలకు గుత్తిలో ఒక కుర్రవాడి చేతికి వచ్చింది.

ఇక అచ్చు వేసిన భాగాలు. మోటారును పట్టి ఉంచే బిగింపు, బేరింగులు కూర్చునే పలక, రెండు కొసల కాళ్లు, బెల్టును బిగించే కొక్కెం. ఇవన్నీ ప్లాస్టిక్కువి. త్రీడీ ప్రింటర్ అంటే ఏమిటో మా అమ్మగారికి, అంటే మా ఇంటి అమ్మగారికి, మేము ఇలా చెప్పాము: మురుకుల గిద్దెలో పిండి పెట్టి ఒత్తినట్టు, కరిగిన ప్లాస్టిక్కును 0.4 మి.మీ. రంధ్రంగుండా ఒత్తుతూ వరసమీద వరస పేరుస్తుంది. ఒక్కొక్క వరస 0.2 మి.మీ. మందం. ఒక చిన్న బిగింపుకే రెండు మూడు గంటలు పడుతుంది. ఈ పద్ధతికి అమెరికాలో స్కాట్ క్రంప్ 1989లో పేటెంటుకు దరఖాస్తు చేస్తే 1992లో వచ్చింది. అది 2009లో ముగిసింది. అప్పటికే, 2005 నుంచి, ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బోయర్ అనే అధ్యాపకుడు తన భాగాలను తానే అచ్చు వేసుకోగల యంత్రం కోసం పనిచేస్తూ, ఆ నమూనాను అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ధర పడిపోవడానికి ఈ రెండూ కారణాలు. మా పిల్లలు భాగాల బొమ్మలు కంప్యూటరులో గీసి, బెంగళూరులో ఉన్న స్నేహితుడి ద్వారా అచ్చు వేయించి రైల్లో తెప్పించుకున్నారు.

ఇక్కడ మన ఎండ సంగతి చెప్పాలి. అచ్చుకు మామూలుగా వాడే ప్లాస్టిక్కు పి.ఎల్.ఏ. మొక్కజొన్న వంటి పైరుల పిండిపదార్థం నుంచి వస్తుంది. అచ్చు వేయడానికి సులువు. కాని 60 డిగ్రీల వేడికి మెత్తబడుతుంది. యూరపులో ఉండేవాడికి ఇది పట్టదు. మనకు ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 40 దాటుతుంది. ఎండలో ఆపిన కారు లోపల నల్లటి వస్తువు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. దానికితోడు మోటారు కూడా పనిచేసే కొద్దీ వేడెక్కుతుంది. మొదటి బిగింపు ఒక మధ్యాహ్నం బయట ఉండేసరికి మైనంలా వంగి, మోటారు ఒక పక్కకు వాలింది. రెండోసారి పెట్‌జి అనే మరో రకంతో వేయించారు. అది సుమారు 80 డిగ్రీల దాకా ఆగుతుంది. రాయలసీమలో ఎవరు చేసినా మోటారు పక్కన ఉండే భాగాలకు మొదటినుంచే దాన్ని వాడడం మంచిది.

అన్నింటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టినది ఎలక్ట్రానిక్స్ కాదు, రెండు ఇనుప కడ్డీలు. పలక ఒక కొసన తేలికగా జారేది, రెండో కొసకు వచ్చేసరికి పట్టేసేది. నూనె వేశారు, బేరింగులు మార్చారు, ప్రోగ్రాము మార్చారు. వారం రోజులు తలలు పట్టుకున్నారు. మా సంఘంలో గుత్తి డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఆరాధన అయ్యాక వచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని, కడ్డీల మధ్య వేలు పెట్టి చూశారు. "పట్టాల మాదిరే రా నాయనా. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎడం ఒకటే ఉండాల. మీది ఆడికి పోయేసరికి ముడుచుకుంటాంది" అన్నారు. కొలిచి చూస్తే అర మిల్లీమీటరు తేడా. ఆయన ఒక చెక్కముక్కను సరిగ్గా కోసి ఇచ్చి, దాన్ని మధ్యలో పెట్టి రెండు కొసలూ బిగించమన్నారు. రైల్వేలో గేజి చూసే పద్ధతి అదే. ఆ సాయంకాలం పలక నీళ్లమీద పడవలాగా జారింది. ఎన్నో ఏళ్లుగా ఆ పెద్దాయనతో వందనాలు తప్ప మరో మాట లేని పిల్లలు ఇప్పుడు ఆయన ఇంటి అరుగుమీదనే కనబడుతున్నారు. మాకు స్లైడరుకన్నా ఇదే ఎక్కువ సంతోషం.

నిర్గమకాండములో ప్రత్యక్ష గుడారం కట్టించవలసి వచ్చినప్పుడు దేవుడు పేరుపెట్టి పిలిచి తన ఆత్మతో నింపిన మనిషి బెసలేలు. ప్రవక్త కాడు, రాజు కాడు, పనివాడు. బంగారం, ఇత్తడి, రాయి, చెక్క అన్నీ అతని చేతికి వచ్చిన పనులే. చాలామంది చదువరులు దాటిపోయే మాట ఒకటి 35వ అధ్యాయంలో ఉన్నది. అతనికీ అహోలీయాబుకూ ఇతరులకు నేర్పే బుద్ధి కూడా దేవుడే ఇచ్చాడని. చెయ్యగలగడం ఒక వరం, నేర్పగలగడం మరో వరం. నమూనాను దాచుకోని ఇటలీ అధ్యాపకులలోనూ, చెక్కముక్క కోసి ఇచ్చిన ఫిట్టరు తాతలోనూ మాకు ఆ రెండోది కనబడింది.

చేయదలచినవారికి నాలుగు జాగ్రత్తలు. డ్రైవరు పలకమీద చిన్న మరలాంటిది ఉంటుంది. మోటారుకు ఎంత కరెంటు పోవాలో దానితో సరిచేసుకోవాలి. ఎక్కువైతే మోటారూ డ్రైవరూ రెండూ కాలతాయి, తక్కువైతే అడుగులు తప్పుతాయి. కరెంటు ఉండగా మోటారు వైర్లు ఊడదీయకూడదు. మాకు ఒక డ్రైవరు అలాగే పోయింది. కరెంటు వచ్చే చోట 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టడం మరచిపోవద్దు. కడ్డీ చివర ఒక స్విచ్చి పెట్టి, పలక వచ్చి తగలగానే మోటారు ఆగేలా చేయాలి. లేకపోతే కెమెరా కొసకు వెళ్లి గుద్దుకుంటుంది. బ్యాటరీ విషయంలో మాత్రం మేము పట్టుపట్టాము. పాత ల్యాప్‌టాపుల నుంచి తీసిన లిథియం సెల్లులను రక్షణ పలక లేకుండా కలిపి వాడడం నిప్పుతో ఆడుకోవడమే. కంప్యూటరు యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ చాలు. రెండు కిలోలకు పైన బరువుంటుంది గాని, కరెంటు పోయినా ఆరాధన మధ్యలో ఆగదు.

మోటారును ఒక్కసారిగా వేగంగా తిప్పకూడదు. గుత్తి జంక్షనులో రైలు కదిలినట్టు మెల్లగా మొదలై, వేగం అందుకుని, మళ్లీ మెల్లగా ఆగాలి. ప్రోగ్రాములో ఈ ఒక్క భాగం రాయడానికే చెల్లెలికి మూడు వారాలు పట్టింది. చూసేవారికి మాత్రం అందులో ఏమీ కనబడదు!

స్లైడరు సిద్ధమయ్యాక మొదట మేఘాలను తీశారు. నైరుతి గాలులు పడమటి కనుమలు దాటేసరికి తడి పోగొట్టుకుంటాయి. ఈశాన్య వానలు తీరంనుంచి ఇంత లోపలికి బలంగా రావు. అందుకే మన జిల్లాకు ఏడాది మొత్తంమీద 550 మి.మీ. అటూ ఇటూ వాన. శ్రావణంలో మేఘాలు రోజూ వస్తాయి, చూసి పోతాయి. కోట కొండ ఎదురుగా ఒక చేను గట్టుమీద స్లైడరు పెట్టారు. కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది గనుక అక్కడ స్టాండు పెట్టాలంటే అనుమతి అడగాలి. చేను యజమానిని అడిగితే సరిపోయింది. ఆరు సెకండ్లకు ఒక ఫొటో చొప్పున అరగంటలో 300 ఫొటోలు. ఒక్కొక్క ఫొటోకు పలక 213 చిన్న అడుగులు, అంటే రెండున్నర మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ, జరిగి ఆగుతుంది. వాటిని వరసగా కలిపితే పన్నెండు సెకండ్ల చిత్రం. కొండ మెల్లగా పక్కకు జరుగుతుంటే దానిమీదుగా నల్లటి మేఘాలు గొర్రెల మందలా తూర్పుకు పరుగెత్తిపోతాయి. ఒక్క చుక్క పడదు. 1776లో హైదర్ అలీ సేనలు ముట్టడించినప్పుడు మురారిరావు ఈ కోటను వదులుకోవలసి వచ్చింది నీళ్లు అయిపోయినందుకే. ఆ పన్నెండు సెకండ్లు చూసినవారికి ఆ చరిత్ర వేరే చెప్పనక్కరలేదు.

కొండ కింద తెల్లవారి సమాధులున్నాయి. దత్త మండలాల కలెక్టరుగా పనిచేసి, తరువాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోతే మొదట ఇక్కడే పాతిపెట్టారు. 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తీసుకుపోయారు. మా పిల్లలు ఆ సమాధులను తీస్తామన్నారు. తీయండి, అయితే మన సంఘపు సమాధులను కూడా తీయండి అన్నాము. గవర్నర్ల సంగతి పుస్తకాల్లో ఉంటుంది. రాళ్లు కొట్టి బిడ్డలను చదివించిన మన తాతల పేర్లు ఆ రాతిపలకలమీద తప్ప ఎక్కడా లేవు, అవి కూడా అరిగిపోతున్నాయి.

అలా మొదలైనది ముసలివారి సాక్ష్యాలను తీయడం. పక్క పల్లెలో డెబ్బై దాటిన ఒక అవ్వ ఉంది. ఇంటి ముందు వేపచెట్టు కింద మంచంమీద కూర్చుని శెనక్కాయలు ఒలుస్తుంటే స్లైడరు ఎదురుగా పెట్టారు. 80 సెంటీమీటర్ల దూరాన్ని ఇరవై నిమిషాల్లో దాటేలా సరిచేశారు. సెకండుకు 53 చిన్న అడుగులు, మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు. గడియారం నిమిషాల ముల్లు కదలిక కంటికి ఎంత తెలుస్తుందో ఇదీ అంతే. కెమెరా పట్టుకుని మనిషి ఎదురుగా నిలబడితే అవ్వ ఆ మనిషినే చూసేది, చీర కొంగు సర్దుకునేది, "చాలా నాయనా?" అని అడిగేది. ఇప్పుడు ఎదురుగా ఎవరూ లేరు. పక్కన మా చెల్లెలు కూర్చుని ఆమెతోపాటు కాయలు ఒలుస్తోంది. కాసేపటికి అవ్వ కెమెరాను మరచిపోయింది.

అప్పుడు చెప్పింది. ఒక కరువు ఏడు చేను మొత్తం ఎండిపోయి, పశువులను తోలేసిన తరువాత, పెద్దకొడుకు హాస్టలు ఫీజుకు చెవి కమ్మలు అమ్మిందట. కొడుకు అడిగితే బరువుగా ఉన్నాయని తీసి పెట్టెలో దాచానని చెప్పిందట. ఆ తరువాత మళ్లీ చేయించుకోలేదు. చిత్రంలో కెమెరా ఆమె చేతుల దగ్గర మొదలై, ఆ మాట చెప్పే వేళకు ముఖం పక్కకు వచ్చింది. చెవికి వేపపుల్ల ఉంది. ఎవరూ అలా ఏర్పాటు చేయలేదు.

ఇది సంఘమంతా చూడవలసిన సాక్ష్యమని యౌవనస్థులు ఉత్సాహపడ్డారు. అవ్వను అడిగి రండి అన్నాము. "మా బిడ్డలకు చూపండి, ఊరికి వద్దు" అందామె. ఆ మాటే నిలిచింది. ఇక్కడ ఆమె పేరూ పల్లె పేరూ రాయకపోవడానికి అదే కారణం. ఈ మాత్రం రాయడానికి ఆమె ఒప్పుకున్నది. బెంగళూరులో ఉన్న కొడుకుకు పంపారు. ఆ రాత్రి పదకొండు గంటలకు అతను మాకు ఫోను చేశాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "అయ్యగారూ, ఆ పెట్టె నేను ఎన్నోసార్లు తెరిచి చూసినా. కమ్మలు యాడ పోయినాయని ఒక్కసారి అడగలేదు" అన్నాడు.

మందిరంలో దీన్ని వాడడం గురించి ఒక మాట. ఆరాధన సినిమా కాదని ఒక సంఘ పెద్ద గట్టిగా అన్నారు. ఆయన మాటను మేము తోసివేయలేదు. పాటలప్పుడూ వాక్యం చదివేటప్పుడూ స్లైడరు కదలవచ్చు. ప్రార్థనప్పుడు ఆగిపోవాలి. ప్రభు భోజన సంస్కారం వేళ కెమెరా మూసేయాలి. ఒప్పుకోలు ప్రార్థనలో మౌనంగా ఉండే నిమిషంలో మొదట వాడిన డ్రైవరు దోమలా కీచుమనేది. టీఎంసీ 2208 అనే మరో డ్రైవరు పెట్టాక శబ్దం పోయింది. శబ్దం పోయినా నియమం ఉంది. ఏడుస్తూ మోకరించిన మనిషి దగ్గరకు కెమెరా జారడం, ఎంత మెల్లగా జారినా, తప్పే.

ఇప్పుడు మరో సంగతి వచ్చింది. పెళ్లిళ్లకు వీడియోలు తీసేవాళ్లు ఈ స్లైడరును అద్దెకు అడుగుతున్నారు. సంఘం పేరుమీద చేసినది బయటి వేడుకలకు ఇవ్వకూడదని కమిటీలో కొందరు, విడిభాగాలు కొన్నది పిల్లలే గనుక వాళ్ల ఇష్టమని కొందరు. మాకు ఈ రెండో మాటే సరిగా తోస్తోంది. డిప్లొమా చదివిన కుర్రవాడికి బెంగళూరులో ఒక గిడ్డంగిలో పన్నెండు గంటల పని దొరుకుతుందన్నారు. అతను ఇంకా వెళ్లలేదు. గుంతకల్లులో ఒకరికి, పామిడిలో ఒకరికి ఇటువంటి స్లైడర్లే చేసి ఇవ్వడానికి బయానా తీసుకున్నాడు. కడ్డీలు మాత్రం ఫిట్టరు తాత చెక్కముక్కతోనే బిగిస్తాడట. పైకప్పు పని వచ్చే నెల మొదలవుతుంది.